తాయారత్త చేతులు

జీడి క్లస్టర్ అధికారి గారికి,

నిన్న మీ కొత్త యంత్రాల షెడ్డులో సభ్యత్వం కోసం మా అత్త తాయారును తీసుకొచ్చాను. ముప్పై ఏళ్లుగా జీడిపిక్కలు ఒలవడంతో, తొక్కలోంచి కారే ఘాటు నూనెకు ఆమె వేలిగీతలు కాలి అరిగిపోయాయి. నమోదుకు మీరు పెట్టిన వేలిముద్రల మిషన్ మీద ఆమె ముద్ర పడలేదు. "నువ్వు జీడి పని చేస్తావని రుజువేంటి?" అని అందరి ముందూ గద్దించారు.

"ఈ సేతులు సూడండి బాబూ, ఇంకేటి రుజువు కావాల?" అని అత్త రెండు చేతులూ చాపింది. మీరు తలెత్తి చూడలేదు.

ఇలా చేతులు కాలకూడదనే కదా ప్రభుత్వం ఈ యంత్రాలిచ్చింది! ఈ ఉదయం నమోదైన ఆడవాళ్లమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. మా ముప్పై ఆరు సభ్యత్వ కార్డులూ ఈ ఉత్తరంతో పంపుతున్నాం. తాయారు పేరు రాశాకే మావి తిరిగివ్వండి. అప్పటిదాకా పిక్కలు మీరే ఒలుచుకోండి.

ఇట్లు,
ఉద్దానం జీడి కార్మికురాలు