ఏసేపు చేసిన పదకొండు పెళ్ళిళ్ళు

నందికొట్కూరు,
10-9-1956

నా తల్లి కృపమణికి,

మీ నాయన ఏసేపు ముద్దులతో రాస్తున్న ఉత్తరం. నేను క్షేమం అని మొదలు పెడదామనుకున్నాను గానీ మొదటి ముక్కలోనే అబద్ధం ఎందుకులే. ఒళ్ళు బాగానే ఉంది, మనసే బాగాలేదు. ఇది అల్లుడు దావీదురాజు బడిలో పాఠాలు చెప్పడానికి పోయాక, ఒక్కదానివే ఉన్నప్పుడు చదువుకో.

శనివారం ఇక్కడికి దగ్గర పల్లెలో లేవికీ గురమ్మకూ పంచాయితీ జరిగింది. ఐదేళ్ళ కిందట ఆ ఇద్దరి చేతులూ కలిపింది నేనే. ఇప్పుడు లేవి ఇంకొకతెను తెచ్చుకుని గురమ్మను చంకలో బిడ్డతో సహా బయటికి గెంటాడు. పెళ్ళి చేసినవాణ్ణి, నా మాటకు ఎదురేముంటుందిలే అని రొమ్ము విరుచుకుని పోయాను. పదిమందిలో లేవి లేచి నిలబడ్డాడు. "ఏమప్పా ఏసేపూ, పెండ్లి చేసేదానికి సర్కారు లైసెన్సు కావల్లంట గదా. నీకు ఉండాదా? ఉంటే చూపీ" అన్నాడు. నేను కొత్త పాస్టరు జ్ఞానరాజుగారి వైపు చూశాను. ఆయన తల దించుకుని, "నిజమే ఏసేపూ. లైసెన్సు ఉన్న పాస్టరు చేస్తేనే చట్టంలో చెల్లుతుంది. నీలాగ వాక్యం చెప్పే ఉపదేశి చేస్తే చెల్లదు" అన్నారు.

గురమ్మకు ఆ మాట అర్థం కాలేదు. "అట్లంటే ఎట్లయ్యా? ఊరంతా కూసోని బువ్వ తిన్యారు గదా! నువ్వు చేసినావు, నేను చేసుకుంటి. పెండ్లేనని ఒక్క మాట చెప్పయ్యా" అని నా కాళ్ళ దగ్గర కూలబడింది. ఇరవై రెండేళ్ళుగా సంతల్లో, తిరునాళ్ళలో, రాళ్ళు విసిరేవాళ్ళ ముందు కూడా వాక్యం చెప్పిన నోరు ఇది. ఆ రోజు పెగల్లేదు. "నా నోట్లో మన్ను కొట్టినావు గదయ్యా" అని ఆ పిల్ల ఏడుస్తుంటే, పోయి లేవి కాళ్ళు పట్టుకున్నాను. వాడు నవ్వి, "పోప్పా, ముసిలోనివి, నీ తప్పేముండాది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అక్కడ అందరితోనూ ఈ లైసెన్సు సంగతి నాకు తెలియదన్నాను. నీకు చెబుతున్నాను తల్లీ, తెలుసు. పాత పాస్టరుగారు పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు నన్ను పిలిపించి, "నీకు లైసెన్సు తెప్పిస్తాను. అది వచ్చేదాకా బోధ చెప్పు, పాటలు పాడు, పెళ్ళిళ్ళు మాత్రం ముట్టుకోవద్దు. నంద్యాల నుంచి పాస్టరును పిలుచుకో" అని మరీ మరీ చెప్పారు. ఆ నెలలోనే ఆయన పోయారు, లైసెన్సు రాలేదు. అవి కరువు రోజులు. జనం వచ్చి, "నువ్వుండంగా ఇంకొకరెందుకయ్యా" అనేవాళ్ళు. మామూలు రోజుల్లో ఒరే ఏసేపూ అని పిలిచేవాళ్ళే పెళ్ళిరోజు నన్ను అయ్యగారూ అని, కాళ్ళకు నీళ్ళిచ్చి మంచం వాల్చేవాళ్ళు. ఛీ, దానికి లొంగిపోయాను. దేవుని పని చేస్తున్నానని నాకు నేనే చెప్పుకుని, రెండేళ్ళలో పదకొండు పెళ్ళిళ్ళు చేశాను.

పదకొండోది నీది.

నీ పెళ్ళికి నంద్యాల పాస్టరుగారు వస్తానని కబురు కూడా పంపారు. నేనే వద్దన్నాను. తల్లి లేని బిడ్డవు, నీ చెయ్యి నేనే పట్టి అప్పగించాలని, ఆ మాటలు నా నోటితోనే చదవాలని పిచ్చి ఆశ. ఆ ఆశతోనే నీ కొంప తీశాను.

జ్ఞానరాజుగారు ఒక దారి చెప్పారు. అక్టోబరు ఏడో తారీకు ఆదివారం నేను పదకొండు జంటల పేర్లతో పట్టీ రాసి ఇవ్వాలి. పద్నాలుగున అందరూ గుడికి వస్తే ఆయన మళ్ళీ చట్టప్రకారం పెళ్ళి చేసి రిజిస్టరులో ఎక్కిస్తారు. అల్లుడు నెమ్మదైన మనిషి కాబట్టి నీకు భయం లేదు. అయినా నా తప్పు నీ మెడకు ఉండకూడదు. నీ పేరు రాస్తున్నాను, ఇద్దరూ రండి. కోపం వస్తే కడుపునిండా తిట్టు. జవాబు మాత్రం రాయి.

నీ క్షమాపణ కోరే
నాయన

*

ఆత్మకూరు,
27-9-1956

అమ్మా కృపా,

పదిహేడు రోజులైంది. జంటల కోసం ఊరూరా తిరుగుతూనే, జ్ఞానరాజుగారి చిరునామాకు నీ ఉత్తరం ఏదైనా వచ్చిందేమోనని వారానికి రెండుసార్లు నడిచిపోయి అడిగి వస్తున్నాను. నువ్వు అలిగావని అనుకుంటున్నాను. అలగాల్సిందే.

తొమ్మిది జంటలు వస్తామన్నాయి. ఒక్కొక్క గడప దగ్గర నిలబడి, మీ పెళ్ళి చెల్లలేదు అని చెప్పేటప్పటికి నా ప్రాణం పోయింది. ఒకచోట భీమక్క అని, ముగ్గురు బిడ్డల తల్లి, పడీపడీ నవ్వింది. "మళ్ళా చేసుకోవల్లనా? అయితే మళ్ళా ఈయప్పనేనా, ఇంకెవరూ ల్యారా?" అంది. దాని మొగుడు కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

గురమ్మ శెనక్కాయ చేలో కూలికి పోతోంది. గట్టు మీద బిడ్డను పడుకోబెట్టి కాయ పెరుకుతోంది. పలకరిస్తే పక్క సాలుకు జరిగింది. లేవి రాడు కాబట్టి పట్టీలో దాని పేరు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే. నేను వాక్యం చెప్పడం మానేశాను కృపా. ఊరికి పోతాను, జనం పోగవుతారు, పాట ఎత్తుకుంటాను, రెండో చరణం దగ్గర ఆపేస్తాను. ఎవరో నీళ్ళు తెచ్చిస్తారు, తాగి వచ్చేస్తాను. ఇంత చేతకానివాణ్ణి అవుతానని ఎప్పుడూ అనుకోలేదు.

నీ దగ్గర నుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి నిన్న అల్లునికే విడిగా ఉత్తరం రాశాను. దాచకుండా అంతా రాసి, పద్నాలుగున నిన్ను తీసుకుని రమ్మని బతిమాలాను. నా మీది కోపం ఆయన మీద చూపకు.

నాయన

*

కడప,
2-10-1956

నాయనా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు రాయనిది అలిగి కాదు. రాస్తే నిజం రాయాలి, దానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు.

నా పెళ్ళి చెల్లదన్న సంగతి నాకు రెండేళ్ళ నుంచీ తెలుసు. ఆయనే చెప్పాడు. మిషను బడిలో పెళ్ళి కాగితం అడిగితే, అటువంటిది లేదని అప్పుడే బయటపడింది. ఆ రోజు నుంచి చారులో ఉప్పు తగ్గినా, మంచంలో ఉన్న వాళ్ళమ్మకు నీళ్ళు కాచేది ఆలస్యమైనా అదే పాట. "మీ నాయన చేసింది పెండ్లే కాదే. నోరెత్తినావంటే బజార్లో ఉంటావు, నిన్ను పెండ్లామని ఒక్కడూ అనడు." నేను నోరెత్తలేదు. ఎత్తి, నీ దగ్గరికి వచ్చేస్తే ఊరు ఎందుకని అడుగుతుంది, నీ సంగతి బయటపడుతుంది. అయ్యగారూ అని పిలిపించుకుని నువ్వు ఎంత మురిసిపోతావో నేను చూడలేదా? అందుకే పడ్డాను.

పోయిన ఏడు బావి గట్టున జారిపడి చెయ్యి విరిగిందని రాశాను. జారిపడలేదు నాయనా. నువ్వు ఆ చేతి కోసం సభలో నిలబడి అందరిచేతా ప్రార్థన చేయించావని మన ఊరి పెద్దక్క వచ్చి చెప్పినప్పుడు, పొయ్యి ముందర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఇప్పుడు ఎడమ చెవి కూడా సరిగా వినపడదు. నెమ్మదైన మనిషి అని నువ్వు రాశావు చూడు, ఆ మనిషి కొట్టిన దెబ్బలే రెండూ.

నీ ఉత్తరం నిన్న ఆయనకు అందింది. చదివి ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. పెళ్ళి కాగితం చూపిస్తే హెడ్మాస్టరు పని ఇస్తారంట. కొత్త చొక్కాకు గుడ్డ తెచ్చుకున్నాడు. నాతో, "మీ నాయన శానా మంచి పని చేస్తాండాడు. రిజిస్టరులో ఎక్కినాంక ఇంక యాడికి పోతావో చూస్తా" అన్నాడు. ఆ మాటతోనే నాకు తెలివి వచ్చింది. ఇన్నాళ్ళూ నేను ఎక్కడికీ పోలేననుకున్నాను. పోవచ్చు. పద్నాలుగో తారీకు దాటితే పోలేను. పక్కింటి వకీలుగారి భార్య సుబ్బలక్ష్మమ్మను అడిగాను. చట్టప్రకారం అయిన క్రైస్తవ పెళ్ళిని ఆడది కోర్టుకెక్కి తెంచుకోవాలంటే అయ్యే పని కాదంది. "ఇప్పుడైతే నిన్నెవరూ ఆపలేరమ్మా" అంది.

గురమ్మను తలుచుకుంటే సిగ్గుగా ఉంది నాయనా. ఆ పిల్ల గొంతు కోసిన తప్పే నన్ను బతికిస్తోంది. ఇది న్యాయమా అని నన్ను అడగొద్దు. నాకు తెలియదు, నువ్వే అంత చదివావు, నీకు తెలిస్తే చెప్పు. గురమ్మకు చెప్పు, నేను వచ్చాక తనూ నేనూ ఒకే చేలో కాయ పెరుకుతాం. తనతో పాటు బిడ్డను కూడా మన ఇంట్లోనే ఉంచుకుందాం.

కూతురు మొగుణ్ణి విడిచి వచ్చిన ఉపదేశి మాట ఎవరు వింటారు? నీ పని పోతుంది. ఇన్నేళ్ళుగా నువ్వు తిరిగిన తిరుగుడంతా బూడిదలో పోసినట్టవుతుంది. అది తెలిసే అడుగుతున్నాను. పట్టీలో నా పేరుంటే ఆయన నన్ను గుడికి ఈడ్చుకొస్తాడు. నువ్వు ఎదురుగా కన్నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంటావు. పాస్టరుగారు ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. నీ ముఖం చూసి నేను ఒప్పుకుంటానని అనేస్తాను. నా సంగతి నాకు తెలుసు, నీ ముందు కాదనలేను. అందుకే అక్కడిదాకా రానివ్వొద్దు.

తక్కిన వాళ్ళందరికీ దగ్గరుండి మళ్ళీ చేయించు నాయనా. నా ఒక్కదానిది చెల్లకుండానే ఉండనీ.

ఏసేపు కూతురు,
కృపమణి