ఆంప్లిఫయర్ తప్పేం లేదు

అరకు,
గురువారం

చిరంజీవి సౌభాగ్యవతి బిందుమాధవికి,

ఇక్కడ నేనూ, కొట్టూ, నువ్వు నాటి వెళ్ళిన మిరియాల తీగలూ క్షేమం. కురుపాం అవతల ఆ ఆశ్రమ పాఠశాలలో నువ్వూ, నువ్వు చదువు చెప్పే ఆడపిల్లలూ క్షేమమని నీ ఉత్తరం చెప్పింది. విశాఖలో మన సౌజన్య కూడా బాగుంది. మంగళవారం హాస్టలుకి వెళ్ళి కళ్ళారా చూసి వచ్చాను. విశాఖ ఎందుకు వెళ్ళానంటావా, వస్తున్నా.

ముందు నీ ప్రశ్నలు. పాలవాడు మళ్ళీ వస్తున్నాడు. వంటింటి రేకుకి మేస్త్రీ తారు పూశాడు. ఇక వానొస్తే చూడాలి. "ఆదివారం ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారేం?" అని నిష్ఠూరంగా రాశావు. దానికి జవాబు చివర్న ఉంది. తొందరపడి ఆఖరి పేజీ తిప్పకు.

"పదేళ్ళుగా ఆంప్లిఫయర్ల బొమ్మలు చూస్తున్నారు, కొనేసుకోండి" అని ఎరియర్సు డబ్బు నా చేతిలో పెట్టావు కదా. "కొత్త ఆంప్లిఫయర్ కొన్నారా, తేడా తెలిసిందా?" అని అడిగావు. కొనలేదు. తేడా మాత్రం బాగా తెలిసింది.

నాలుగైదు నెలలుగా మధ్యాహ్నం కొట్టు మూసి భోంచేశాక పాట పెడితే ఏదో వెలితిగా ఉండేది. భజనలో తాళాల చప్పుడు లేదు. వయొలిన్ వాయించేవాడు దుప్పటి ముసుగేసుకున్నట్టుంది. పాతికేళ్ళ ఆంప్లిఫయర్ కదా, దాని పని అయిపోయిందనుకున్నాను. సౌండు పెంచాను. ఇంకా పెంచాను. పక్కింటి యర్రమ్మ గోడ దగ్గరకొచ్చి, "పాట బాగానే ఉంది గానీ బాబూ, మా పొదుగు కోడి గుడ్ల మీంచి లెగిసిపోతంది" అంది.

విశాఖలో సౌండు సామాన్ల దుకాణం పెట్టుకున్న ప్రేమ్‌కుమార్ తెలుసుగా, నాతో చదువుకున్నవాడు. "నీ పాతది కూడా అట్టుకురా. రెండూ పక్కపక్కన ఎట్టి వాయిద్దాం. అప్పుడు కొందువు గాని" అన్నాడు. ఘాటు రోడ్డు పొడుగునా బస్సులో దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను.

వాడు రెండింటినీ తెర వెనక పెట్టి, ఒకే పాట మార్చి మార్చి వాయించాడు. నేను కళ్ళు మూసుకుని, పెద్ద విద్వాంసుడిలా తల ఊపి, "రెండోది! డబ్బు పెడితే దీనికి పెట్టాలిరా. మొదటిది ఉత్త డొక్కు" అన్నాను.

తెర తీశాడు. నేను మెచ్చుకున్నది నా ఒళ్ళో కూర్చుని వచ్చిన ముసలిదే. డొక్కు అన్నది లక్షా ఎనభై వేలది.

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. "ఒరే పెసాదూ, అది ఒగ్గీ. నీ ఎనకాల నిలబడి మూడుసార్లు పిలిసాను. పలకలేదేటి?" అన్నాడు.

బిందూ, వినికిడి తగ్గుతోందని నాకు ముందే తెలుసు. తెలిసీ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆంప్లిఫయర్ మీద నెట్టేశాను. సంతలో సబ్బు అడిగితే డబ్బా ఇచ్చిన రోజులున్నాయి. మా నాన్నకి యాభైకే చెవులు పోయాయి. అందరికీ అలా నవ్వుతూ తల ఊపుతూ కొట్లో కూర్చునేవాడు, చాటున 'చెవిటి సావుకారు' అనేవారు. నీ గొంతు ఒక్కసారైనా వినకుండానే పోయాడు మహానుభావుడు. నాకిప్పుడు యాభై ఒకటి. నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చాలా భయపడ్డాను.

ప్రేమ్‌కుమార్ నన్ను చెయ్యి పట్టుకుని పక్క వీధిలో చెవుల డాక్టరు హేమలత గారి దగ్గరికి లాక్కెళ్ళాడు. ఆవిడ లైటు వేసి చూసింది, చిమటా లాంటిది పెట్టి లాగింది. వచ్చింది చూసి, "ఇదేంటండీ, చెవిలో పరుపు కుట్టించుకున్నారా?" అంది.

దూది. గులిమి పట్టి నల్లగా గట్టిపడిపోయిన దూది. ఈ ఏటిది, దాని వెనక పోయినేటిది. రెండు చెవుల్లోనూ!

కార్తీకంలో చలి మొదలవగానే నూనె వెచ్చబెట్టి, దూది ముంచి చెవుల్లో పెట్టడం మా ఇంటి అలవాటు కదా. మా అమ్మ పెట్టేది, ఆ తర్వాత నువ్వు పెట్టావు. నీకు కురుపాం వైపు బదిలీ అయ్యాక ఈ రెండు చలికాలాలూ నేనే పెట్టుకున్నాను. పెట్టడం నాకొచ్చు. తీసేదానివి నువ్వు. దాన్ని మళ్ళీ తీయాలని నాకు తట్టనే లేదు.

శుభ్రం చేసి, పరీక్ష చేసి, "వయసుకి తగ్గట్టు నిక్షేపంగా ఉన్నాయి. ఇకమీదట దూదీ నూనే పెట్టకండి" అంది. బయటికొస్తే ఆటోవాడు నన్ను తిట్టిన తిట్టు పూర్తిగా వినబడింది. వాడికి దణ్ణం పెట్టాను.

మళ్ళీ దుకాణానికి వెళ్ళి విన్నాం. ఉన్నమాట చెప్పాలి, కొత్తది కాస్త మెరుగే. మృదంగం మరింత నిండుగా ఉంది. కానీ ఊపిరి బిగబట్టి వింటేనే ఆ తేడా. మన రేకుల ఇంట్లో, బస్సు హారన్ల మధ్య, యర్రమ్మ కోడి పక్కన ఎవరికి తెలుస్తుంది? అమ్ముకునేవాడే, "మీ హాలుకి నీదే సాలురా. మనసాగకపోతే ఎప్పుడైనా మంచి స్పీకర్లు కొనుక్కో" అన్నాడు. ముసలిదాన్ని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని బుధవారం పొద్దున్న బండెక్కాను. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతుంటే బొర్రా దాటేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చి భజన పెట్టాను. తాళాలు ఖణేల్‌మన్నాయి.

ఇక ఆ చివరి జవాబు. ఆదివారం నువ్వు సిగ్నల్ కోసం ట్యాంకు గుట్ట ఎక్కి ఫోన్ చేసినప్పుడల్లా, "ఏటి? ఏటి? సిగ్నల్ లేదు" అని పెట్టేసేవాణ్ణి. సిగ్నల్ నిండుగా ఉండేది బిందూ. నీ మాటే నాకు అందేది కాదు. స్పీకరు పెడితే కొట్లో అందరికీ వినబడేదానివి, నాకు తప్ప. మా నాన్నలా అయిపోతున్నానని నీతో చెప్పలేక సిగ్నల్ మీద అబద్ధమాడాను. అది నమ్మి నువ్వు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టావు. తప్పు నాదే, క్షమించు. ఉత్తరాలు మాత్రం మానకు.

ఇది అందిన ఆదివారం గుట్ట ఎక్కు. ఎక్కి, ఆయాసపడుతూ "వినబడుతోందా?" అంటావే, అలాగే అను. నెమ్మదిగా అను, అరవకు. ఈసారి నేను 'ఏటి' అనను.

ఇట్లు,
నీ మాట కోసం చెవులు రెండూ ఖాళీ చేసుకుని కూర్చున్న
సౌజన్య వాళ్ళ నాన్న,
దేవీప్రసాద్