జత లేని ఎద్దు

చౌడేపల్లె,
జూలై 1948

వ్యవసాయ శాఖ డిమాన్‌స్ట్రేటరు గారికి,

మా ఊళ్ళో విత్తు పడకుండా చేసింది మీరే. వానను నిందించకండి. ట్రాక్టరు వస్తుంది, ఇక ఎద్దులెందుకని సభ పెట్టి చెప్పింది మీరు కాదా? ఆ మాట నమ్మి మునెప్ప ఉన్న ఒక్క ఎద్దునూ సంతలో అమ్మేశాడు. ఇక్కడ ఒక్కో ఎద్దున్న ఇద్దరు కలిసి కాడి కట్టుకుంటారు. అతని ఎద్దు పోయేసరికి, పక్కచేను సంతోషమ్మ ఎద్దు కూడా కొట్టంలోనే నిలబడిపోయింది. వాన పడింది. ట్రాక్టరేమో ఈ ఊళ్ళ జమీందారు, మిట్టాదారు మామిడితోటలో తిరుగుతోంది.

"ఆ ట్రాక్టరునే తెచ్చి నా ఎద్దు పక్కన కాడికి కట్టప్పా, సూస్తాం" అంటుంది సంతోషమ్మ.

మునెప్ప నవ్వడు. "యాల నమ్మితినో" అంటాడు, అంతే.

నేను యంత్రాలకు విరోధిని కాను. అవి రావాలని అరిచి అరిచి అలసినవాణ్ణి. అవి ముందు ఎవరి గట్టు దాటుతాయన్నదే నా తగాదా. నేల పదును ఆరిపోతోంది. ఇంకో వారం గడిస్తే వేరుశనగ విత్తనాలు వేయించుకు తినడానికే.

కనుక అడుగుతున్నాను:

ట్రాక్టరును వెంటనే ఈ ఇద్దరి చేలకు పంపండి.

పంపలేకపోతే, విత్తు ముగిసేదాకా మునెప్పకు ఒక ఎద్దును ఇప్పించండి.

అదీ చేతకాకపోతే మళ్ళీ సభ పెట్టండి. ఎద్దులు అమ్ముకోవద్దని మీ నోటితోనే చెప్పండి. పక్క ఊరివాళ్ళు రేపటి సంతకు తోలుకుపోతున్నారు.