నా ఖాతాలో ఆగిన సొమ్ము

బుజ్జితల్లికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ ఆరోగ్యంగానే తిరుగుతున్నాం. అక్కడ నువ్వు కూడా వేళకు తిని, కంటినిండా నిద్రపోతున్నావనే అనుకుంటున్నాను.

అమ్మ మోకాలి గురించి అడిగావు. నొప్పి కాస్త నెమ్మదించింది. మూడో అంతస్తులో ఇల్లు తీసుకున్నందుకు మాత్రం మెట్టుకో మాట చొప్పున నన్ను అంటూనే ఎక్కుతోంది. మా బట్టల కంపెనీకి కొత్త కుట్టుమిషన్లు వచ్చాయి. వాటి రిపేరు నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. పాత మిషనైతే చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణి.

టైలరత్త నీ ఉత్తరానికి ఎందుకు జవాబివ్వలేదని రెండుసార్లు రాశావు. నీ పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని అమ్మ పట్టుబట్టింది. ఫోనులో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అత్త లేదమ్మా. పోయి నెల దాటింది. పక్క వాటాలో ఇప్పుడు వాళ్లమ్మ ఒక్కతే ఉంటోంది. నీకు తొక్కడం నేర్పిన మిషను మీద దుప్పటి కప్పి ఉంచింది.

అత్త గుండెకు ఆపరేషన్ చేయాలన్నారని నీకు తెలుసు. కంపెనీలో అందరూ తలా కొంత వేసుకుంటామన్నారు. అత్త జీతం చేతికే తీసుకునేది, బ్యాంకు ఖాతా లేదు. అందుకని నా ఖాతాకు పంపమన్నాను. కాజాలు కుట్టే పెద్దావిడ కళ్లద్దాలకని దాచుకున్నది పంపింది. కటింగ్ మేస్త్రి తనకు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. వారం తిరిగేసరికి ఆపరేషన్‌కు సరిపడా చేరింది. నా మూడేళ్ల జీతమంత.

అది చూడగానే నాకు పన్ను గుర్తొచ్చింది. పన్నుల ఆఫీసువాళ్లు ఇదంతా నా సంపాదనే అంటే? పక్క వీధిలో పన్ను కాగితాలు రాసే గుమాస్తాను అడిగాను.

"ఇంకో మనిషిని ఆదుకోవడానికని నీ చేతికిచ్చింది నీ సంపాదన కాదు," అన్నాడు. "కానీ పడింది నీ ఖాతాలో. ఎవరి కోసమని అడిగితే చూపించడానికి నీ దగ్గర ఏముంది? ఆమె కోసమే ఇచ్చామని ఒక్కొక్కరి చేతా చీటీ రాయించుకో. ఆమె పేరున ఖాతా తెరిచి అందులోకి మార్చు."

నూట పన్నెండు మంది. చీటీల కోసం ఇల్లిల్లూ తిరిగాను. అత్త సంతకం కోసం బ్యాంకు మనిషిని ఆస్పత్రికి తీసుకురావడానికే నాలుగు రోజులు పట్టింది. డబ్బు కడితేనే ఆపరేషన్ తేదీ ఇస్తామన్నారు ఆస్పత్రివాళ్లు.

"ఎప్పుడంట అన్నయ్యా?" అని అడిగేది అత్త.

"కాగితాలు అవుతున్నాయమ్మా."

"నిదానంగానే కానీ. నా మూలంగా నీ మీదకేమీ రాకూడదు."

గుమాస్తాను కలిసిన పదకొండో రోజు పొద్దున, ఇంకా తొమ్మిది చీటీలు రావాల్సి ఉండగా, ఆమె ఊపిరి ఆగిపోయింది.

ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిది నీకు రాస్తున్నాను. గుమాస్తా ఆ మొదటిరోజే ఇంకో మాట కూడా అన్నాడు. "అంత తొందరైతే ముందు ఆస్పత్రికి కట్టేసి రసీదు దాచుకో. తర్వాత ఆఫీసువాళ్లు పిలిస్తే వెళ్లి చెప్పుకోవాలి, అంతే."

ఆ పిలుపుకే భయపడ్డానమ్మా. జీవితంలో ఏ ఆఫీసు గుమ్మం ముందూ నిలబడకుండా బతికాననే గొప్ప నాకు. ఆ గొప్ప నిలుపుకోవడానికి ఆమెను పదకొండు రోజులు ఆపాను. ముందే చేసినా బతికేదని చెప్పలేం అన్నాడు డాక్టరు. ఆ మాట పట్టుకుని నిద్రపోదామని చూశాను. పట్టలేదు.

ఇప్పుడు ఎవరి డబ్బు వాళ్లకు తిరిగి ఇస్తున్నాను. ఎవరిది ఎంతో చూసుకోవడానికి ఆ చీటీలు భలే పనికొస్తున్నాయి.

అత్త వాళ్లమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ నన్ను చూపించి, "తోడబుట్టినవాడైనా ఇంత తిరగడు" అంటోంది. నేను తల దించుకుంటే అణకువ అనుకుంటున్నారు.

మీ అమ్మకు కూడా ఇంకా చెప్పలేదు. నీకే మొదట. ఈ ఉత్తరం డబ్బాలో వేసి, అటునుంచి అటే ఆ తల్లి దగ్గరికి వెళ్తాను. తిట్టినా సరే, గుమ్మం దిగమన్నా సరే. ఆవిడ మెచ్చుకుంటుంటే మాత్రం ఇక వినలేను.

ఇట్లు,
నీ కోపానికైనా ఎదురుచూసే
మీ నాన్న