శుక్రవారం మెసేజ్

జూన్ 3, సోమవారం

ఎక్కలేదు.

జూన్ 4, మంగళవారం

ఇవాళా ఎక్కలేదు. ఈ కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఇందులో రాస్తున్నాను.

చెప్పుకుంటే సిగ్గుచేటు, అంత చిన్న అప్లికేషన్. పిల్లల ఆసుపత్రిలో పాల బ్యాంకు ఉంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకి సొంత తల్లి పాలు చాలకపోతే, వేరే తల్లులు ఇచ్చిన పాలు పడతారు. ఆ ఇచ్చే తల్లులు ఇన్నాళ్ళూ ఫోన్ చేసి పేరు రాయించుకునేవాళ్ళు. ఇకనుంచి వెబ్ పేజీలో వాళ్ళే నింపుకోవాలి. అంతే. రెండే రెండు ముక్కలు. ముందు పేజీ చూపించే సర్వర్, వెనక వివరాలు దాచుకునే డేటాబేస్.

నా ల్యాప్‌టాప్‌లో రెండూ ఒకే గూట్లో ఉంటాయి కాబట్టి ఒకటి పిలిస్తే ఇంకోటి పలుకుతుంది. క్లౌడ్‌లో పెట్టేసరికి ఎక్కడో అద్దెకి తీసుకున్న వేరు వేరు మెషీన్లయ్యాయి. సర్వర్ పిలుస్తుంది, డేటాబేస్ ఉలకదు పలకదు. సర్వర్ చూసీ చూసీ టైమవుట్ అంటుంది. పొద్దున్నుంచి ఆ ఒక్క మాటే చదువుతున్నాను.

మా మేనేజర్‌కి నేను పెట్టుకున్న పేరు రేపటికల్లా. ఆయన నోట్లోంచి ఏ వాక్యం బయటికొచ్చినా చివర ఆ మాట ఉంటుంది. ఇవాళ కూడా కుర్చీ వెనక నిలబడి, రెండు ముక్కల పనికి ఇన్ని రోజులా, రేపటికల్లా అయిపోవాలి అన్నాడు. పక్క సీటువాడి పేరు నాదాంట్లో. ఏ సమస్య చెప్పినా "నా దాంట్లో పనిచేస్తోందే" అంటాడు. వీళ్ళిద్దరి మధ్య నేను.

ఇంటికొస్తే వదిన, మబ్బుల్లో పెడతానన్నావుగా, ఇంకా నిచ్చెన దొరకలేదా అంది. అన్నయ్య నవ్వాడు. నేను నవ్వలేదు.

జూన్ 6, గురువారం

ఎక్కింది! నేనెక్కించలేదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి వచ్చేసరికి నాదాంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చిన్న సెట్టింగ్ అక్కా, నిమిషంలో అయిపోయింది అన్నాడు. ఏం సెట్టింగో తెరిచి చూశాను. డేటాబేస్ ముందు ఫైర్‌వాల్‌లో ఎవరెవరిని లోపలికి రానివ్వాలో రాయాలి. వీడు ఎవరైనా రావచ్చని రాశాడు. ఎవరైనా అంటే నిజంగా ఎవరైనా. లోకంలో ఉన్న ప్రతి కంప్యూటరూ. లోపలికి రాబోయేవేమో ఆడవాళ్ళ ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసులు, రక్తపరీక్షల ఫలితాలు. తలుపులు బార్లా తెరిచిపెట్టి టీకి బయల్దేరాడు మహానుభావుడు.

మూసేశాను. మా సర్వర్ అడ్రస్ ఒక్కటే రాసి, దాన్ని మాత్రమే రానిమ్మన్నాను. నాలుగు రోజులుగా నాకు తట్టనిది అదే. పేజీ బతికే ఉంది. వాణ్ణి తిడదామనుకున్నాను. ఈలోపు రేపటికల్లా వచ్చి వాడి భుజం తట్టి వెళ్ళాడు.

జూన్ 7, శుక్రవారం

లైవ్. కొత్త పేజీ తెరిచి చూసుకుంటే కింద సహాయానికి సంప్రదించండి అని నా సొంత ఫోన్ నంబర్ ఉంది. నన్ను అడిగిన పాపాన పోలేదు. ఇంకో ముచ్చట కూడా ఇవాళే తెలిసింది. నమోదైన ప్రతి తల్లికీ శుక్రవారం శుక్రవారం పదకొండింటికి ఒక మెసేజ్ వెళ్తుందట. బిడ్డ పుట్టినరోజుని బట్టి ఎన్నో వారమో లెక్కకట్టి, ఆ వారం బిడ్డ ఏం చేస్తుందో చెబుతుందట. రేపటికల్లా ఐడియా, నాదాంట్లో రాసిన కోడ్. తల్లులతో బంధం పెరుగుతుందట.

జూన్ 10, సోమవారం

పొద్దున్నుంచీ నాకు తల్లుల ఫోన్లే. పాలు తీశాక ఫ్రిజ్‌లో ఏ అరలో పెట్టాలండీ? జలుబు చేస్తే ఇవ్వొచ్చా? కవలలైతే ఫారం రెండుసార్లు నింపాలా? నాకు పెళ్లే కాలేదు మహాతల్లులారా, నేను సర్వర్లు చూసుకునేదాన్ని అని అరవాలనిపించింది. అరవలేదు. పాల బ్యాంకు చూసే పెద్ద సిస్టర్‌కి ఫోన్ చేసి అడగడం, మళ్ళీ వీళ్ళకి చెప్పడం. ఇలా రాయబారం నడపడంతోనే పొద్దు గడిచిపోయింది. సాయంత్రానికి పెద్ద సిస్టర్, అమ్మాయ్, నువ్వు ఇక్కడికొచ్చి డ్యూటీలో చేరిపో అంది. ఆవిడది ఎంత చెప్పినా విసుగురాని గొంతు. నా గొంతేమో అరిగిపోయి, నీది కాస్త అరువిస్తావా అన్నట్టుంది ఇప్పుడు.

జూన్ 11, మంగళవారం

ఈ శుక్రవారం పదకొండింటికి ఆసుపత్రి ట్రస్టీలకి డెమో. సరిగ్గా మెసేజ్ టైముకే పెట్టాడు రేపటికల్లా. ట్రస్టీల ఫోన్లు కూడా జాబితాలో చేర్చాడట, అందరివీ ఒక్కసారి టింగుమంటే భలే ఉంటుందని. అప్పటిదాకా లైవ్‌లో ఉన్నదేదీ ఎవరూ ముట్టుకోకూడదు. మంచిది. నాకూ ముట్టుకోవాలని లేదు.

జూన్ 13, గురువారం

సాయంత్రం బ్యాగ్ సర్దుకుంటుంటే ఫోన్. మళ్ళీ ఫ్రిజ్ సంగతేమో అనుకుని విసుగ్గానే ఎత్తాను.

మెల్లగా మాట్లాడుతోంది ఆవిడ. ఆ మెసేజ్ రాకుండా చేయగలరా అని అడిగింది. ఏ మెసేజ్ అన్నాను. పోయిన శుక్రవారం వచ్చింది చదివింది: "మీ చిన్నారికి పన్నెండో వారం! ఈపాటికి మిమ్మల్ని చూసి నవ్వుతూ ఉంటుంది!" చదివి ఆగింది. నాకు అప్పటికీ అర్థం కాలేదు. బాగానే ఉంది కదండీ అనబోయాను. నా అదృష్టం, అనలేదు.

"పాప లేదండీ. పుట్టిన వారానికే పోయింది."

సర్దుతున్న బ్యాగ్ కింద పెట్టేశాను. ఆవిడే చెప్పుకుపోయింది. పాలు మాత్రం ఆగలేదు. సింకులో పారబోయడానికి చేతులు రాక తీసుకెళ్ళి పాల బ్యాంకులో ఇచ్చింది. కొన్ని వారాలు ఇచ్చింది. పేజీ లైవ్ అయిన శుక్రవారం పొద్దున్నే, పాత దాతలు కూడా నమోదు చేసుకోమని ఆసుపత్రి నుంచి లింక్ వస్తే వెంటనే నింపింది. ఫారంలో బిడ్డ పేరు, పుట్టినరోజు అడిగితే రాసింది. పదకొండింటికి ఫోన్ మోగితే ఆవిడ చేతులు తడిగా ఉన్నాయి, చూడమంటే వాళ్ళాయన తీశాడు. ఏదో ఆఫర్ అనుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు.

"రేపు మళ్ళీ శుక్రవారం కదండీ," అంది.

రాదండీ అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

వెంటనే పెద్ద సిస్టర్‌కి చేశాను. ఆవిడకి మెసేజీల సంగతే తెలియదు. అంతా విడమరిచి చెప్పించుకుంది. తర్వాత, ఈవిడ ఒక్కతే కాదమ్మా, ఇలాంటి తల్లులు ఇంకా ఉన్నారు అంది. ఎవరెవరని అడిగితే, పాలిచ్చేవాళ్ళని మేం ఆ మాట అడగం కదా అంది. అంటే ఒక్క నంబర్ తీసేస్తే చాలదు. మెసేజీలే ఆగాలి, మొత్తం.

రేపటికల్లాకి చేశాను. అంతా విని, పాపం అన్నాడు. పాపం అంటూనే, డెమోకి అదే హైలైట్, అది అయ్యాక తీసేద్దాం, సోమవారానికల్లా అన్నాడు. ఈయన జీవితంలో రేపటికల్లా అనని రోజు ఇదే.

జూన్ 14, శుక్రవారం

ఉదయం 8:00

ఆఫీసు తాళం నేనే తీయించాను. మెసేజ్ పంపే కోడ్ తీసేశాను. ఆరు లైన్లు. మార్చిన కోడ్‌ని లైవ్‌లోకి ఎక్కించే డిప్లాయ్ బటన్ నొక్కాను. ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకున్నాను. అడిగినప్పుడు చూసుకుందాం.

9:10

కొత్త సర్వర్ తయారవుతోందట. అవుతూనే ఉంది.

9:40

టైమవుట్. మళ్ళీ అదే మాట! కొత్త సర్వర్ డేటాబేస్‌ని పిలిస్తే పలకడం లేదు. నిన్నటిదాకా బ్రహ్మాండంగా పలికిన డేటాబేస్! కొత్తది లేవలేదు కాబట్టి మీ సౌకర్యం కోసం పాత వెర్షన్‌నే మళ్ళీ నిలబెట్టాం అని క్లౌడ్ పచ్చరంగులో మెసేజ్ పెట్టింది. నా సౌకర్యం! పాత వెర్షన్‌లోనే ఆ ఆరు లైన్లూ ఉన్నాయి.

10:15

రెండోసారీ అంతే. నాదాంట్లో వచ్చాడు. అంతా చెప్పాను. వాడు నోరు తెరిచి, ఆ మాట అనబోయి, మూసుకున్నాడు. మళ్ళీ అందరికీ తెరిచేద్దామా అక్కా అన్నాడు నెమ్మదిగా. ఒకరి బాధ ఆపడానికి అందరి వివరాలూ రోడ్డున పెట్టమంటావా అని అరిచాను. పాపం, వాడు ప్రొజెక్టర్ వైరు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళిపోయాడు.

10:40

ఇప్పుడు తట్టింది. ఫైర్‌వాల్‌లో మా సర్వర్ అడ్రస్ ఒక్కటే రాసింది నేనే. ప్రతి డిప్లాయ్‌కీ పుట్టే కొత్త సర్వర్‌కి కొత్త అడ్రస్. డేటాబేస్ దాన్ని ఎరగదు, రానివ్వదు. నేను చెప్పిన మాట అక్షరాలా పాటిస్తోంది. సరిచేయడం తెలుసు. కానీ ఇంకో సర్వర్ లేచేదాకా టైము లేదు.

ఇక మిగిలింది ఒక్కటే, మొత్తం ఆపేయడం. ఆపే బటన్ నొక్కుదామంటే పాతదాన్ని నిలబెడుతున్నాం, వేచి ఉండండి అని బూడిదరంగులో ఉంది. వేచి ఉన్నాను. రేపటికల్లా ఫోన్, ట్రస్టీలు వచ్చేశారట, అంతా ఓకేనా అని. ఓకే కాదన్నాను. ఆయనకి వినపడలేదు.

10:55

బటన్ వెలిగింది. నొక్కాను. నిజంగా ఆపమంటారా అని అడిగింది. రెండు వారాల్లో ఇది నన్ను మర్యాదగా అడిగిన మొదటి ప్రశ్న. ఆపమన్నాను.

సాయంత్రం

ఒక్క మెసేజ్ కూడా వెళ్ళలేదు. పేజీ తెరుచుకోలేదు. అక్కడ ఏం జరిగిందో నాదాంట్లో వచ్చి చెప్పాడు. ఎప్పుడూ ఇకిలించే వాడు, నవ్వకుండా చెప్పాడు. ట్రస్టీలు ఫోన్లు చేతిలో పట్టుకుని కూర్చున్నారట. పదకొండు దాటింది, ఏదీ మోగలేదు. రేపటికల్లా చెమటలు తుడుచుకుంటూ, సర్వర్ సమస్యండీ, లేకపోతే ఇలా వచ్చేది అని ఆ మెసేజ్ తన ల్యాప్‌టాప్‌లోంచి గట్టిగా చదివాడట, నవ్వుతూ ఉంటుంది దాకా. అప్పుడు వెనక వరసలోంచి పెద్ద సిస్టర్ లేచింది.

"మా దగ్గర పాలిచ్చే తల్లులందరి ఒళ్ళోనూ బిడ్డ ఉందని మీకెవరు చెప్పారండీ?"

ట్రస్టీల్లో ఒకావిడ తన ఫోన్‌ని బోర్లా పెట్టేసిందట.

జూన్ 17, సోమవారం

అంతా అయ్యాక మీటింగ్. అసలు ఈ మెసేజీలు ఎవరు అడిగారు అని రేపటికల్లా మమ్మల్ని అడిగాడు. కళ్ళార్పకుండా! నాదాంట్లో నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. సర్వర్ ఆపింది నేనేనని చెప్పాను. ఇంకోసారి చెప్పకుండా ఆపితే ఊరుకోనన్నాడు. ఇంకోసారి చెప్పి ఆపుతానన్నాను. ఉద్యోగం ఉంది. ఎందుకుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. పెద్ద సిస్టర్ ఎవరితోనో మాట్లాడిందని అనుమానం.

ఆయన నిర్ణయం ఏమిటంటే, పాత డేటాబేస్ తుడిచేసి, శుభ్రంగా మొదటినుంచీ మొదలుపెట్టడం. అందరినీ మళ్ళీ నింపమందాం, రేపటికల్లా.

నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే అనిపించింది. పీడా విరగడవుతుంది.

జూన్ 18, మంగళవారం

మెసేజ్ ఆపమన్న ఆవిడకి నేనే ఫోన్ చేశాను. ఇక ఎప్పటికీ మెసేజ్ రాదండీ, మీ వివరాలు కూడా మొత్తం తీసేస్తున్నాం అని శుభవార్తలా చెప్పాను.

ఆవిడ, "పాప పేరు కూడా పోతుందా?" అంది.

అవునండీ అన్నాను.

ఆసుపత్రి కాగితాల్లో అన్నిచోట్లా ఫలానావారి పాప అనే ఉందట. పేరు పెట్టేలోపే అయిపోయింది. తనొక్కతే మనసులో పెట్టుకుంది. వాళ్ళాయనతో కూడా అనలేదు. మన ఫారంలో బిడ్డ పేరు అని గడి కనబడితే, చేయి ఊరుకోలేదు, రాసేసింది.

"ఇంకెక్కడా రాయలేదండీ," అంది. "ఉంచడం కుదరకపోతే పర్లేదు."

కుదురుతుందన్నాను. బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను.

జూన్ 20, గురువారం

తుడవలేదు. రేపటికల్లాకి చెప్పే ఆపాను. దాతలందరినీ మళ్ళీ నింపమంటే సగం మంది రారు అన్నాను. అది నిజమే, అందుకే ఒప్పుకున్నాడు. రెండో కారణం ఆయనకి అక్కర్లేదు.

ముందు డేటాబేస్‌కి కాపీ తీశాను. తర్వాత ఫైర్‌వాల్‌లో అడ్రస్ తీసేసి, మా అప్లికేషన్ కింద పుట్టే సర్వర్ ఏదైనా సరే రానిమ్మని, ఇంకెవరినీ రానివ్వొద్దని రాశాను. ఆ ఆరు లైన్లు లేని కోడ్‌ని కావాలనే మూడుసార్లు డిప్లాయ్ చేశాను. మూడుసార్లూ కొత్త సర్వర్ లేచింది, పిలిచింది, డేటాబేస్ పలికింది. టైమవుట్ అన్న మాట కోసం సర్వర్ రాసుకునే లాగ్ అంతా వెతికాను. లేదు! నాదాంట్లో స్వీట్లేవీ అక్కా అన్నాడు. పేజీ కింద నా నంబర్ తీసి పాల బ్యాంకు నంబర్ పెట్టాను. ఫారంలో బిడ్డ పేరు, పుట్టినరోజు గడులు ఇష్టమైతేనే నింపండి అని మార్చాను.

అన్నీ ఉన్నాయో లేవో చూడాలి కాబట్టి వరసలన్నీ ఒకసారి చూశాను. ఆవిడ వరస ఉంది. పేరు ఉంది. చాలా బాగుంది. ఇక్కడ రాయను.

వదిన ఇవాళ నిచ్చెన ఊసెత్తలేదు. అన్నం వడ్డించి, ఏమైందే అంది. ఎక్కింది వదినా అన్నాను.

జూన్ 28, శుక్రవారం

మధ్యాహ్నం ఫోన్. పేజీలో నా నంబర్ తీసేసినా ఆ పాప తల్లి దగ్గర ఉంది. మళ్ళీ మెసేజ్ ఏమైనా వచ్చిందా అని ఎత్తగానే అడిగాను. ఏమీ రాలేదండీ, రాలేదని చెబుదామనే చేశాను అంది. సరేనండీ అన్నాను. ఇంకేం లేదండీ, పెట్టేస్తున్నాను అంది.

పెట్టలేదు. అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. నేనూ పెట్టలేదు.