ఎర్ర దీపం వెలిగినంతసేపు

మార్చి 3

వీడియో కెమెరాల దుకాణం, సలహా విభాగం వారికి,

నమస్కారం.

ఏప్రిల్ 12న మా అమ్మకు గొంతు ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. ఆ రోజు నుంచి ఆమె మాట్లాడదు. ఇంకా నలభై రోజులే ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

ఏ కెమెరా కొనాలో తెలియకపోతే మాకు రాయండి, ఉచితంగా చెబుతాం అని మీ ప్రకటనలో ఉంది. నాకు తెలియడం లేదు. మా వంశంలో బడి మెట్లెక్కింది నేనొక్కదాన్నే కాబట్టి అడగడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు.

నాకు అరచేతిలో ఇమిడే చిన్న వీడియో కెమెరా కావాలి. ధర నా రెండు నెలల జీతం దాటకూడదు. నేను గ్రంథాలయంలో పుస్తకాలకు అట్టలు వేసి నంబర్లు అంటిస్తాను, జీతం మీరే ఊహించుకోండి. బొమ్మ ఎలా వచ్చినా ఫరవాలేదు, మాట మాత్రం స్పష్టంగా రావాలి. మా గదికి ఒకటే కిటికీ, అది తెరిస్తే పక్కింటి గోడ. కాబట్టి తక్కువ వెలుతురులో పనిచేయాలి. మీటలు ఎంత తక్కువుంటే అంత మంచిది. పగలు దాన్ని నడిపేది మా నాన్న. ఆయన బట్టల మిల్లులో రాత్రి షిఫ్టులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. ఏ యంత్రాన్నయినా విప్పి మళ్ళీ బిగించగలడు కానీ దాని మీద రాసింది చదవలేడు.

అమ్మ గొప్ప సంగతులేమీ మాట్లాడదు. ముప్పాతిక వంతు నన్ను తిట్టడమే. నాకు అవే కావాలి.

ఇట్లు,
జవాబు కోసం ఎదురుచూసే
గ్రంథాలయ ఉద్యోగి

తా.క. మీ ప్రకటనలో నవ్వుతున్న కుటుంబం చేతిలో ఉన్న కెమెరా గురించి నేను అడగడం లేదు. అది కొంటే మేం నవ్వలేం.


మార్చి 9

గౌరవనీయులైన కొనుగోలుదారు నంబరు 3118 గారికి,

అయ్యా,

మీ ఉత్తరం అందింది. మాకు రోజుకు ఎనభై ఉత్తరాలు వస్తాయి కనుక ముఖ్యమైన మాటల కింద గీత గీసి, వాటికే జవాబిస్తాం. తమరి ఉత్తరంలో గీత పడినవి: అమ్మ, గొంతు, ఏప్రిల్ 12, ఆఖరు.

గానరంగం నుంచి విరమించుకుంటున్న తమరి మాతృమూర్తి గారికి మా విభాగం అభినందనలు. చివరి కచేరీ చిత్రీకరణకు మా దగ్గర అరవై రెట్లు దగ్గరకు లాగే కెమెరా ఉంది. హాలులో ఆఖరి వరసలో కూర్చున్నా గాయని గారి గొంతులో కదలిక కూడా కనబడుతుంది. మూడు కాళ్ల స్టాండు తప్పనిసరి. ధర తమరి స్థాయికి తగినట్టే ఉంటుంది.

భవదీయుడు,
సలహాదారు

తా.క. చప్పట్లు ఎక్కువైతే పాట సరిగా రికార్డు కాదు. ప్రేక్షకులను అదుపులో పెట్టుకోగలరు.


మార్చి 12

సలహాదారు గారికి,

నమస్కారం. నేను అయ్యను కాను, అమ్మాయిని. నా ఉత్తరంలో ఆఖరు అన్న మాటే లేదు. ఉన్న మాటల కింద గీతలు గీయండి.

మా అమ్మ గాయని కాదు. ముప్పై ఏళ్లు మగ్గాల హాలులో పనిచేసింది. గొంతు పాడవడం ఆ దూది దుమ్ము వల్లేనా అని డాక్టరును అడిగితే ఔననలేదు, కాదనలేదు. మిల్లు వాళ్లు మాత్రం మేం అడగకముందే కాదన్నారు.

ఆ హాలులో రెండు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి అరుపు కూడా వినబడదట. అందుకని అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. అమ్మా నాన్నా ఇంట్లో కూడా నా గురించి నా ఎదురుగానే చేతులతో మాట్లాడుకుని నవ్వుకుంటారు. నాకు ఆ చేతిమాట రాదు. చిన్నప్పుడు నేర్పమని అడిగితే అమ్మ నా చేతి మీద ఒక్కటి వేసి పలక ఇచ్చింది.

మా గది పొడవు పది అడుగులు. మీ కెమెరాతో అరవై రెట్లు దగ్గరకు లాగితే అమ్మ ముక్కు మీది పుట్టుమచ్చలో ఒక మూల మాత్రం వస్తుంది. ఇంకొక ఇబ్బంది. కెమెరా చూస్తే అమ్మ బిగుసుకుపోతుంది. మిల్లు గుర్తింపు కార్డులో ఆమె ఫొటో చూసి గేటు కాపలాదారు, "ఈమె బతికే ఉందా?" అని అడిగాడు. కాబట్టి ఆమెకు తెలియకుండా తీయాలి. అలమరలో సరుకుల డబ్బాల మధ్య పట్టేంత చిన్నది ఏదైనా ఉంటే చెప్పండి.

ఇట్లు,
3118

తా.క. ప్రేక్షకులంటే మా నాన్న ఒక్కరే. ఆయన ఇప్పటికే అదుపులో ఉన్నారు.


మార్చి 17

3118 గారికి,

అమ్మా,

"ఆమెకు తెలియకుండా తీయాలి" అన్న తమరి వాక్యం కింద మా విభాగాధిపతి గారు స్వయంగా రెండు గీతలు గీశారు. రహస్య చిత్రీకరణకు కెమెరాలు అమ్మరాదని మా నిబంధన. తమరి ఫైలును అనుమానాస్పదుల అరలోకి మార్చాం. తమరి తల్లిగారు స్వహస్తంతో రాసి, సంతకం చేసిన అంగీకారపత్రం అందేవరకు అమ్మకం నిలిపివేయడమైనది.

భవదీయుడు,
సలహాదారు

తా.క. రాయడం కష్టమైతే తల్లిగారు ఫోనులో తమ నోటితో చెప్పినా చాలును. మా ఫోను మరమ్మతులో ఉంది. ఏప్రిల్ 15 నుంచి పనిచేస్తుంది.


మార్చి 20

సలహాదారు గారికి,

మీ తాజా కలం మూడుసార్లు చదివాను. నేను కూడా దాని కింద గీత గీశాను.

మా అమ్మకు రాయడం రాదు. వస్తే ఒక నోటుపుస్తకం కొని ఊరుకునేదాన్ని, మీ కెమెరా నాకెందుకు? ఏప్రిల్ 12 తర్వాత ఆమెకు నోరూ ఉండదు, కలమూ ఉండదు. మీకు ఇది ఎలా చెబితే ఎక్కుతుందో నాకు అర్థం కావడం లేదు.

మీ పుణ్యాన సంగతి అమ్మకు చెప్పేయాల్సి వచ్చింది. అంగీకారం ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, వేలిముద్ర వేయించి పంపుతున్నాను:

"రాస్తున్నావా? ఒక్క ముక్క కూడా వదలకు. నాయనా, గొంతు నాది, కూతురు నాది, మధ్యలో నీకేం నొప్పి? ఇంకో ఇరవై మూడు రోజులు పోతే నేను ఎవర్నీ ఏమీ అనలేను. ఆలోపు ఆ పెట్టె ఇచ్చావా సరే, లేదా నా దగ్గర మిగిలిన తిట్లన్నీ నీకే పంపుతా. అయిందా? ఏదీ, చదువు. ఆ మొదట్లో నాయనా అన్నది కొట్టెయ్. వాడికంత మర్యాదేంటి?"

మీ ధరల పట్టీలో ఏడో పేజీ అడుగున ఉన్న అన్నిటికన్నా చిన్నది పంపండి. పది రెట్లే లాగుతుందని రాశారు, మా గదికి అదే ఎక్కువ. తీయడానికి ఒకే మీట అని రాశారు. మెమొరీ లోపలే ఉంటుంది, కార్డు వేరే కొనక్కర్లేదని రాశారు. అందుకే దాని ధర నా జీతానికి అందింది. డబ్బు ఈ ఉత్తరంతోనే కడుతున్నాను.

ఇట్లు,
3118

తా.క. వేలిముద్ర పక్కన ఉన్న గుండ్రటి మరక టీ కప్పుది. దాన్ని రెండో వ్యక్తి అంగీకారం కింద లెక్కపెట్టకండి.


మార్చి 26

3118 గారికి,

అమ్మా,

తమరి తల్లిగారి అంగీకారపత్రాన్ని విభాగంలో పైకి చదివాం. "నీకేం నొప్పి" అన్న ప్రశ్నకు మా నిబంధనల్లో జవాబు దొరకలేదు. కెమెరా ఈ రోజే పంపాం. అందిన ముప్పై రోజుల్లోగా లోపం కనబడితే వెనక్కి పంపవచ్చు.

భవదీయుడు,
సలహాదారు

తా.క. వెంట తొంభై ఆరు పేజీల పుస్తకం ఉంది. తప్పక చదవండి. పొరపాట్లన్నీ చదవనివాళ్ల వల్లే వస్తాయి.


ఏప్రిల్ 17

సలహాదారు గారికి,

ఆపరేషన్ అయింది. అమ్మ బతికింది. మీ కెమెరా పనిచేయలేదు.

పుస్తకం మొత్తం రెండుసార్లు చదివాను. నాన్నకు నేర్పాను: ఎర్ర మీట ఒకసారి నొక్కితే మొదలు, ఇంకోసారి నొక్కితే ఆగుతుంది. పదకొండు రోజులు పనినుంచి రాగానే, "తీశావా నాన్నా?" అని అడిగేదాన్ని. "తీశానమ్మా, దివ్యంగా వచ్చింది" అనేవాడు. అమ్మ రోజూ ఉతికిన బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, కుర్చీలో కూర్చునేదట. ఆపరేషన్‌కు ముందు చూస్తే ఏడుస్తానని నేను ఒక్కటి కూడా చూడలేదు.

నిన్న చూశాను. మొదటిదాంట్లో నేల. రెండోదాంట్లో నేల. మూడోదాంట్లో తలుపు అడుగు. మాట కాదు కదా, చిన్న చప్పుడు కూడా లేదు. నాలుగోది తెరిచే ఓపిక లేకపోయింది. చూసినవాటిలో అమ్మ ఒక్కటంటే ఒక్క దాంట్లోనూ లేదు.

కెమెరా వెనక్కి పంపుతున్నాను. డబ్బు ఇవ్వకపోయినా సరే. తప్పు యంత్రానిదని ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. నాన్న రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. ఆ కాగితం ఆయనకు చదివి వినిపించాలి.

ఇట్లు,
3118

తా.క. మీ ఫోను బాగుపడిందని విన్నాను. సంతోషం.


ఏప్రిల్ 28

3118 గారికి,

అమ్మా,

పరికరంలో లోపం లేదు. రికార్డు వినేటప్పుడు ధ్వని పెంచే చక్రం, తెర పక్కనున్నది, సున్నా దగ్గర ఉంది (పుస్తకం, 41వ పేజీ). మా మెకానిక్ ధ్వని పెంచి పరీక్షించి ఇచ్చిన నివేదిక, ఆయన మాటల్లోనే:

"ప్రతి రికార్డులోనూ నేలే కనబడుతోంది. కెమెరాను తాడుతో తలుపు పక్క మేకుకు తగిలించి ఉంటారు. అప్పుడప్పుడు రెండు జతల పాదాలు వస్తాయి. ఆడమనిషి చెప్పు దారంతో కుట్టి ఉంది. ధ్వని నాణ్యత పరీక్ష కోసం విన్న మాటలు రాస్తున్నాను.

మొదటి రికార్డు. ఆడ గొంతు: 'ఆపావా? హమ్మయ్య, మెడ పట్టేసింది.' మగ గొంతు: 'గంటసేపు కూర్చున్నావు, నోరు విప్పలేదేం?' 'ఏం మాట్లాడను? అది ఎదురుగా ఉంటే తిట్టొచ్చు. ఆ పెట్టెను ఏమని తిట్టను?' ధ్వని స్పష్టం.

నాలుగో రికార్డు. మూడో జత పాదాలు, తడిసి ఉన్నాయి. ఆడ గొంతు: 'మళ్ళీ గొడుగు మరిచావా? ఏదో ఒకరోజు తల కూడా నంబరు అంటించి ఆ బీరువాలో పెట్టొస్తావు. ముందు కాళ్లు తుడుచుకో. అలా కాదు, ఇటు తే.' ధ్వని చాలా స్పష్టం. ఇరవై ఆరు నిమిషాలు తిట్లే. పరీక్షకు అయిదు నిమిషాలు చాలు, మొత్తం విన్నాను.

తొమ్మిదో రికార్డు. మగ గొంతు: 'చేతిమాట నేర్పాల్సింది దానికి. ఆపరేషన్ అయ్యాక దానితో ఎలా మాట్లాడతావ్?' ఆడ గొంతు: 'నేర్చుకుంటే మిల్లుకు వచ్చేది. రాకూడదనే నేర్పలేదు. దాని చదువు నాకు రాదు, నా చేతిమాట దానికి రాదు. అనుకున్నట్టే అయిందిలే.' తర్వాత అంతా గిన్నెలు తోముతున్న చప్పుడే. పరికరం లోపం కాదు."

మొత్తం పదకొండు గంటల ఇరవై నిమిషాలు.

లోపం లేని పరికరంపై ఫిర్యాదు వస్తే దాన్ని వివాదాస్పదంగా నమోదు చేస్తాం. వివాదం తేలని పరికరం మెమొరీని మే 15న తుడిచేసి, తిరిగి అమ్మకానికి పెడతాం. తప్పు వాడినవారిదేనని రాసి, వాడిన వ్యక్తి వేలిముద్రతో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే పరికరాన్ని తిరిగి ఇచ్చే విషయం పరిశీలిస్తాం.

భవదీయుడు,
సలహాదారు

తా.క. నాలుగో రికార్డును విభాగంలో అందరం విన్నాం. ఆ రోజు వర్షం లేకపోయినా ఇద్దరు గొడుగులు పట్టుకుని ఇంటికి వెళ్లారు.


మే 3

సలహాదారు గారికి,

నమస్కారం.

మీ ఉత్తరం ఇంట్లో పైకి చదివాను. తొమ్మిదో రికార్డు దగ్గర ఆగితే అమ్మ మోచేత్తో పొడిచి, చదవమని సైగ చేసింది. చదివాను.

ఎందుకలా జరిగిందో నాన్న చెప్పాడు. మిల్లులో దారం తెగి మగ్గం ఆగిపోతే దాని మీద ఎర్ర దీపం వెలుగుతుంది. ముప్పై ఏళ్లు ఆ దీపం చూసి పరిగెత్తిన మనిషి ఆయన. మీ కెమెరా మీట నొక్కగానే ఎర్ర దీపం వెలిగింది. అయ్యో, ఆగిపోయిందని, ఒక్క క్షణం కూడా రికార్డు కాకముందే మళ్ళీ నొక్కాడు. దీపం ఆరింది. మగ్గం ఆడుతోందనుకున్నాడు. గంట తర్వాత నొక్కితే ఎర్ర దీపం వచ్చింది, హమ్మయ్య ఆగింది అని మేకుకు తగిలించాడు. పదకొండు రోజులూ అదే తంతు. అమ్మ బొమ్మలా కూర్చున్నప్పుడు కెమెరా నిద్రపోయింది. ఆమె లేచి మనిషైనప్పుడు మేలుకుని, బ్యాటరీ అయిపోయేదాకా విన్నది.

తప్పు ఎవరిదో రాయమన్నారు. రాసుకోండి, నాది. తొంభై ఆరు పేజీలు రెండుసార్లు చదివి 41వ పేజీ వదిలేశాను. ఎర్ర దీపమంటే ఏమిటని నాన్నను ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన వేలిముద్ర కింద వేయించాను కానీ తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, సాక్షిగా. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె మొహం అందులో లేకపోయినా ఫరవాలేదు, మొహం మా దగ్గరే ఉంది. గొంతు మీ అరలో ఉంది. పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఇక అంతకు మించి ఒక్క నిమిషం కూడా పెరగదు.

దయచేసి దాన్ని తుడవకండి.

ఇట్లు,
వాళ్ల కూతురు

తా.క. నాన్న దగ్గర చేతిమాట నేర్చుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు మాటలు వచ్చాయి, అందులో ఏడు తిట్లు. మీ ఉత్తరం విని అమ్మ రెండు వేళ్లు నుదుటి దగ్గర తిప్పి, తటాలున విడదీసింది. మీ బుర్రలో దారం తెగిందట. అర్థం చెప్పమని నాన్నను అడగాల్సిన పనిలేకపోయింది.

ఇంకోటి. జవాబు రాకపోతే నేనే బయల్దేరి రావాలి, దారికి రెండు రోజులు పడుతుంది. అందుకని తుడిచారో లేదో ఒక్క ముక్క రాసి, మే 12 లోగా నాకు అందేలా పంపండి.