పిట్టకు పెట్టిన రసం బన్ను

తమ్మీ,

నువ్వు పనిచేసిన కలకత్తా చైనా హోటల్ కాలిపోయి ఇవాళ్టికి ఏడాది. నీ శవం దొరకలేదు కాబట్టి నువ్వు బతికే ఉన్నావని అమ్మ కర్మ చేయనివ్వలేదు. ఈ రోజు నా బలవంతం మీద ఒప్పుకుంది.

వరంగల్ ఇంటి డాబా మీద పిట్టకు అన్నం, కూర పెట్టాం. మధ్యాహ్నం దాకా ఒక్క కాకీ ముట్టలేదు. చివరికి నువ్వు సెలవుల్లో నేర్పిన బన్నులు చేశాను. మేక కాళ్ల పాయ రసాన్ని ఐసులో గడ్డకట్టించి, మైదా ముద్దలో చుట్టి, ఇడ్లీ పాత్రలో ఉడికిస్తే లోపల గడ్డ కరిగి మళ్లీ రసమైంది.

ఒకటి ఆకులో పెట్టగానే కాకి వచ్చింది. అంచున చిన్న బొక్క పొడిచి, చుక్క ఒలకకుండా రసమంతా తాగింది. ఆ తర్వాతే పిండి ముట్టింది.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"గిట్లనే తినాలని వాడే చెప్పె గదనే! షాంఘైల చిన్నగ చేస్తరని, ఇంకో ఊర్ల గిన్నంత చేసి గొట్టంతోని పీలుస్తరని... అయితే నిజంగనే పోయిండే వాడు."

ఏడవలేదు. కాకి వైపు వంగి అడిగింది.

"ఇంకా ఆకలైతాందా కొడుకా?"

చీకటి పడింది. కాకులన్నీ గూళ్లకు పోయాయి. అది మాత్రం పిట్టగోడ మీదే ఉంది. లోపల అమ్మ మళ్లీ మైదా కలుపుతోంది.

అక్క